బాల్టిక్ చుట్టూ జూన్‌లో: పాత కారు ర్యాలీనా, సొంత కారా, అద్దె కారా?

"ర్యాలీకి వెళ్తున్నా" అని ఫోన్‌లో చెప్తే మా అమ్మ అడిగిన మొదటి మాట, "ఏ పార్టీది నాన్నా?" అని. ఆవిడ తప్పేం లేదు. మన దగ్గర ర్యాలీ అంటే జెండాలు, మైకులు, ఎక్కడికక్కడ ఆగిపోయిన ఆర్టీసీ బస్సులు. నేను వెళ్ళింది వేరే రకం ర్యాలీకి. జర్మనీలోని హాంబర్గ్‌లో బయల్దేరి, బాల్టిక్ సముద్రం చుట్టూ తిరిగి మళ్ళీ హాంబర్గ్‌కే చేరే కార్ల యాత్ర అది. పేరు బాల్టిక్ సీ సర్కిల్. జూన్‌లో, ఉత్తరాన సూర్యుడు అస్తమించని రోజుల్లో జరుగుతుంది. 16 రోజులు, సుమారు 7,500 కిలోమీటర్లు. కారు వయసు కనీసం 20 ఏళ్ళు ఉండాలి. జీపీఎస్ వాడకూడదు, మోటార్‌వే ఎక్కకూడదు.

దానికి మా బావమరిదితో వెళ్ళాను. రెండేళ్ళ తర్వాత అదే వైపు మా ఆవిడ, పిల్లలతో సొంత కారులో తిరిగాను. ఆ పై ఏడాది హైదరాబాద్ నుంచి వచ్చిన అక్కాబావల్ని తీసుకుని విమానంలో ఉత్తర నార్వేలోని ట్రొమ్సో వెళ్ళి, అక్కడ కారు అద్దెకు తీసుకున్నాం. అప్పటి నుంచి జర్మనీలో చదువుకుంటున్నవాళ్ళు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు, మనవాళ్ళలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, మూడింటిలో ఏది మంచిదని. నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను: పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు? డబ్బు, సెలవు, కారు అన్నీ దాని తర్వాతే.

ముందు ఒక చిన్న లెక్క

7,500ని 16తో భాగిస్తే రోజుకు దాదాపు 470 కిలోమీటర్లు. హైదరాబాద్‌లో బయల్దేరి విజయవాడ మీదుగా రాజమండ్రి దాటేంత దూరం. రోజూ. మోటార్‌వే లేదు కాబట్టి, నార్వేలో ఊరి బయట మామూలు పరిమితి గంటకు 80 కాబట్టి, కొండ మలుపులూ ఫెర్రీ క్యూలూ కలుపుకుంటే సగటున గంటకు 60 వస్తే గొప్ప. అంటే స్టీరింగ్ వెనక ఎనిమిది గంటలు. పెట్రోలు, తిండి, దారి తప్పడం కలిపితే పన్నెండు.

చీకటి పడదు కాబట్టి ఎంతసేపైనా నడపొచ్చు అనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే. మనకు "చీకటి పడుతోంది, ఎక్కడో ఒకచోట ఆగుదాం" అనే అలవాటు ఒంట్లో ఉంటుంది. అక్కడ రాత్రి పదకొండున్నరకు కూడా సాయంత్రం నాలుగింటి ఎండ. ఒళ్ళు అలసిపోయిన సంగతి కళ్ళు ఒప్పుకోవు. మూడో రోజు నుంచి మేం ఫోన్‌లో తొమ్మిదింటికి అలారం పెట్టుకున్నాం, లేవడానికి కాదు, ఆగడానికి.

పాత కారు ర్యాలీ ఎవరికి

ఇది రేసు కాదు. ఎవరు ముందొచ్చారని గడియారం పెట్టి చూడరు. ఉత్తర యూరప్‌లో అసలు పందేలూ ఉన్నాయి. స్వీడన్‌లో 1950లో అర్ధరాత్రి సూర్యుడి పేరుతో జూన్‌లో మొదలైన ర్యాలీయే 1965లో చలికాలానికి మారి, ఇప్పుడు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మంచు మీద జరిగే ర్యాలీ స్వీడన్ అయింది. హెల్మెట్, స్టాప్‌వాచ్ కావాలంటే అటు చూడాలి. మనం మాట్లాడుతున్న యాత్రలో మీ చేతికి ఒక పుస్తకం ఇస్తారు, దార్లో చేయాల్సిన సరదా పనులుంటాయి, ప్రతి జట్టూ ఏదో ఒక సేవా కార్యక్రమానికి విరాళాలు సేకరించాలి. ఎంట్రీ ఫీజు వేరే.

కారు విషయంలో నా ఓటు వెనక పొడవాటి డిక్కీ ఉండే పాత వోల్వో ఎస్టేటు కారుకే, 240 మోడల్ గానీ 740 గానీ. వెనక సీటు మడిస్తే ఇద్దరు కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు, టెంటు వేసే ఓపిక లేని రాత్రి అదే ఇల్లు. స్వీడన్, ఫిన్లాండ్‌లలో ఆ కార్లు తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. మెర్సిడెస్ డబ్ల్యూ124 కూడా గట్టి బండే, కాకపోతే తుప్పు పట్టనిది దొరకడం కష్టం, దొరికితే అమ్మేవాడికి దాని విలువ బాగా తెలుసు. ఫోక్స్‌వ్యాగన్ టీ4 వ్యానులో హాయిగా పడుకోవచ్చు గానీ ఫెర్రీలో ఎత్తు, పొడవు చూసి ఎక్కువ తీసుకునే అవకాశం ఉంది. ఏదైనా సరే, జర్మనీలో రెండేళ్ళకోసారి చేయించే ట్యూఫ్ తనిఖీ గడువు బాగా మిగిలున్న బండి కొనండి. బెల్టులు, రబ్బరు గొట్టాలు, కూలెంట్, బ్రేక్ ఆయిల్, బ్యాటరీ, ఈ ఐదూ బయల్దేరే నెల ముందే మార్పించండి. వారం ముందు మార్పిస్తే తప్పు బిగింపులు దారిలో బయటపడతాయి. నెల ముందైతే ఆఫీసుకు వెళ్ళొచ్చేటప్పుడే బయటపడతాయి.

ఎంట్రీ ఫీజుకు నిజంగా దొరికేది తోడు. నార్వేలో ఒక కొండ ఎక్కుతుంటే మా ఇంజిన్ వేడెక్కి, బానెట్ ఎత్తి నిలబడ్డాం. పావుగంటలో ర్యాలీ స్టిక్కర్లున్న మూడు కార్లు ఆగాయి. ఒకరి దగ్గర క్లిప్పు, ఒకరి దగ్గర నీళ్ళు, మూడోవాళ్ళ దగ్గర పనికిరాని సలహాలు, వేడి కాఫీ. సొంతంగా వెళ్తే ఈ భరోసా ఉండదు, రోడ్డు సహాయ సంస్థకు ఫోన్ చేసి గంటలు లెక్కపెట్టుకోవాలి. జర్మనీలో అలాంటి సంస్థే అయిన ఏడీఏసీలో ప్లస్ సభ్యత్వం ఉంటే యూరప్ అంతా పనికొస్తుంది, ర్యాలీకి వెళ్ళినా అది తీసుకోండి.

ఇక దీని లోటు. నార్వే ఉత్తర తీరంలోని లోఫోటెన్ దీవుల్లో మాకు దక్కింది ఒక్క రోజు. తొమ్మిదో రోజు మా బావమరిది అడిగేశాడు, "బావా, మనం చూడ్డానికి వచ్చామా, దాటడానికి వచ్చామా?" నా దగ్గర సమాధానం లేదు. పైగా జీపీఎస్ లేకపోవడం సినిమాలా ఏమీ ఉండదు. మ్యాపు చదివేవాడికీ బండి నడిపేవాడికీ మధ్య రోజుకొక పంచాయితీ. లోఫోటెన్ చివరి ఊరి పేరు ఒకే ఒక్క అక్షరం, "ఓ" అని పలుకుతారు. "ఎక్కడికి వెళ్ళాలి?" "ఓ." "ఓ ఏంటి?" ఇలా పది నిమిషాలు గడిచాయి.

అందుకే అంటాను, రోజుకు పన్నెండు గంటలు ఒకే డబ్బాలో కూర్చుని, గొడవపడి, మళ్ళీ టీ పంచుకోగల మనిషి ఉంటేనే ర్యాలీ. కొత్తగా పెళ్ళయినవాళ్ళు దీన్ని హనీమూన్ అనుకుని వెళ్ళొద్దు. చిన్న పిల్లలతో అసలే వద్దు.

ఇంకో సంగతి. ఈ రూటు ఒకప్పుడు రష్యాలోకి వెళ్ళి, మూర్మాన్స్క్, సెయింట్ పీటర్స్‌బర్గ్ చూసుకుని వచ్చేది. 2022 తర్వాత అది లేదు. ఫిన్లాండ్ 2023 చివర్లో రష్యాతో ఉన్న భూసరిహద్దును పూర్తిగా మూసేసింది. ఇప్పుడు ఫిన్లాండ్ పొడవునా దక్షిణానికి దిగి, హెల్సింకిలో ఫెర్రీ ఎక్కి రెండు, రెండున్నర గంటల్లో ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో దిగాలి. మనవాళ్ళకు ఇందులో ఒక మేలుంది: జర్మనీ, డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా, పోలాండ్ అన్నీ షెంగెన్‌లోనివే. ఒకే వీసాతో చుట్టు మొత్తం పూర్తవుతుంది.

సొంత కారైతే సర్కిల్ మర్చిపోండి

సొంతంగా వెళ్ళేవాళ్ళు చేసే పెద్ద తప్పు, ర్యాలీ మ్యాపునే కాపీ కొట్టడం. మూడు వారాల సెలవు ఉన్నా సరే, కుటుంబంతో అయితే సగం చుట్టే చాలు. స్వీడన్ మీదుగా పైకి, నార్వే మీదుగా కిందికి.

పైకి వెళ్ళడానికి మూడు దారులు. ఈ4 (E4) అనే హైవే స్వీడన్ తూర్పు తీరం వెంట హెల్సింగ్‌బోర్గ్ నుంచి ఫిన్లాండ్ సరిహద్దులోని హపరాండా దాకా వెళ్తుంది. వేగంగా సాగుతుంది, పెట్రోలు బంకులు, టాయిలెట్లు, పిల్లలకు ఆట స్థలాలు అన్నీ ఉంటాయి. మధ్యలో హై కోస్ట్ ప్రాంతం తప్ప పెద్దగా చూసేదేం లేదు. ఈ45 (E45) హైవే లోపలి అడవుల్లోంచి వెళ్తుంది, గంటల తరబడి చెట్లు, చెరువులు, రోడ్డు మధ్యలో తాపీగా నిలబడ్డ రెయిన్‌డీర్లు. మాట్లాడుకోవడానికి బోలెడు కబుర్లున్న ఇద్దరికి బాగుంటుంది. మూడోది నార్వే తీరం వెంట స్టైన్‌చేర్ నుంచి బూడో దాకా ఉన్న 17వ నంబరు రోడ్డు. దాదాపు 650 కిలోమీటర్లు, దారిలో ఆరు ఫెర్రీలు. ఈ మూడింటిలో అందమైనది అదే. దాన్ని పైకి వెళ్ళేటప్పుడు వాడితే మాత్రం మిగతా ప్రయాణమంతా దాని ముందు వెలవెలబోతుంది.

మేం ఈ4 పట్టుకుని పైకెళ్ళి, ఈ10 మీద కిరూనా, నార్విక్ దాటి లోఫోటెన్ చేరి, మొస్కెనెస్‌లో ఫెర్రీ ఎక్కి బూడోలో దిగి, త్రోండ్‌హైమ్, ఓస్లో మీదుగా వెనక్కి వచ్చాం. మొత్తం 5,000కు కాస్త అటూఇటూ. మూడు వారాలకు పంచితే రోజుకు 240. మధ్యాహ్నానికల్లా డ్రైవింగ్ అయిపోయేది, మిగతా రోజంతా పిల్లలది.

ఇక్కడే నాకు తగిలిన దెబ్బ చెప్పాలి. సుండ్స్‌వాల్ దాటాక ఒక రాయి అంచు తగిలి టైరు పక్కన చీలిపోయింది. డిక్కీ తీసి చూస్తే స్టెప్నీ లేదు! కొత్త కార్లలో చాలావాటికి స్టెప్నీ ఇవ్వరు, ఒక నురగ డబ్బా, చిన్న గాలి పంపు ఇస్తారు. టైరు అడుగున మేకు దిగితే నురగ పనిచేస్తుంది, పక్కన చీలితే చేయదు. ఇరవై ఐదేళ్ళ వోల్వోలో ఉన్న స్టెప్నీ నాలుగేళ్ళ కారులో లేకపోవడం ఏంటని తిట్టుకున్నాను. అంతకంటే పెద్ద సమస్య, ఆ రోజు మిడ్‌సొమ్మర్ శుక్రవారం.

స్వీడన్‌లో జూన్ 19, 25 మధ్య వచ్చే శుక్రవారం మిడ్‌సొమ్మర్, అంటే నడివేసవి పండుగ మొదలవుతుంది. మనకు సంక్రాంతి ఎంతో వాళ్ళకు అదంత. ఊళ్ళన్నీ ఖాళీ, షాపులు తొందరగా మూసేస్తారు, టైర్ల షాపు సంగతి చెప్పక్కర్లేదు. సోమవారం దాకా ఒక క్యాంపింగ్‌లో ఇరుక్కున్నాం. అక్కడ ఆకులు, పూలు చుట్టిన స్తంభం చుట్టూ ముసలీముతకా కూడా కప్పల్లా గెంతుతుంటే మా పిల్లలు వాళ్ళతో కలిసిపోయారు. ఆ రెండు రోజులే ఇప్పటికీ వాళ్ళు చెప్పుకునేవి. నాకు మాత్రం టెన్షన్. అప్పటి నుంచి బయల్దేరే ముందు స్టెప్నీ కొని డిక్కీలో వేస్తాను, చోటు పోయినా సరే.

ఫిన్లాండ్‌లో అదే వారాంతం యుహన్నుస్. హెల్సింకి వాళ్ళంతా చెరువుల పక్క కుటీరాలకు వెళ్ళిపోతారు. లాత్వియాలో 23 లీగో, 24 యాని, రెండూ సెలవులే. ఎస్టోనియాలో కూడా 23, 24 సెలవు, లిథువేనియాలో 24. నార్వేలో సెలవు లేదు గానీ మంటలు వేస్తారు. జూన్ నాలుగో వారంలో మీరు ఏ దేశంలో ఉంటారో ముందే చూసుకుని, ఆ రోజుకు ట్యాంకు నింపి, బియ్యం, పాలు కొని పెట్టుకోండి.

నార్డ్‌క్యాప్‌కు వెళ్ళాలా?

నార్వే ఉత్తరాన ఉన్న ఈ చోటుకు యూరప్ ఉత్తరపు కొస అని పేరు, ర్యాలీ వాళ్ళకు ఇది గుడిలాంటిది. 71 డిగ్రీల 10 నిమిషాల ఉత్తర అక్షాంశం, సముద్రం మీద 307 మీటర్ల ఎత్తున్న కొండకొమ్ము, దాని అంచున ఇనుప గోళం. అక్కడికి చేరాలంటే సముద్రం అడుగున 212 మీటర్ల లోతుకు దిగే దాదాపు ఏడు కిలోమీటర్ల సొరంగం దాటాలి. పాత కారు ఆ వాలు ఎక్కి బయటపడితే ఇంజిన్‌కు దండం పెట్టాలనిపిస్తుంది. నిజానికి ఉత్తరపు కొస అది కాదు. పక్కనే ఉన్న క్నివ్‌షెల్‌ఒడెన్ ఇంకాస్త ఉత్తరానికి ఉంటుంది, కాకపోతే అక్కడికి రానూపోనూ 18 కిలోమీటర్లు నడవాలి. అందుకే బస్సులు ఇటే వస్తాయి.

మేం వెళ్ళిన రోజు పొగమంచు. గోళం కూడా పది అడుగుల దూరంలో గానీ కనిపించలేదు. జూన్‌లో కూడా అక్కడ ఐదారు డిగ్రీల చలి, ఈదురుగాలి మామూలే. కుటుంబంతో వెళ్ళేవాళ్ళకు నా సలహా: నార్డ్‌క్యాప్ వదిలేయండి, ఆ రెండు రోజులూ లోఫోటెన్‌కు ఇవ్వండి. అర్ధరాత్రి సూర్యుడు అక్కడ కూడా మే చివరి నుంచి జూలై మధ్య దాకా కనిపిస్తాడు, ఒక దీవిలో మబ్బు పడితే ఇంకో దీవికి పోవచ్చు.

విమానం, అద్దె కారు

అమ్మానాన్నలు, అక్కాబావలు ఇండియా నుంచి వస్తే వాళ్ళను హాంబర్గ్ నుంచి కారులో కుదేయడం పాపం. హాంబర్గ్ నుంచి నార్డ్‌క్యాప్‌కు 2,700 కిలోమీటర్లకు పైనే. ట్రొమ్సోలో గానీ బూడోలో గానీ దిగి ఎనిమిది రోజులు కారు అద్దెకు తీసుకోండి. మా అక్క మోకాళ్ళ నొప్పులతోనే సెన్యా దీవి, లోఫోటెన్ రెండూ చూసింది.

ఇందులో చిక్కంతా కాగితాల్లో ఉంటుంది. ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో వదిలితే ఛార్జీ కారు అద్దెను మించిపోవచ్చు. సరిహద్దు దాటనిస్తారా లేదా ఒప్పందంలో చదవండి. ఎలక్ట్రిక్ కారు ఇస్తామంటే నార్వేలో భయపడక్కర్లేదు. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఎలక్ట్రిక్‌వే, ఛార్జర్లు ఫెర్రీ రేవుల్లో కూడా కనిపిస్తాయి. టోల్ గేట్లలో ఆగే పని లేదు, నంబర్ ప్లేటు ఫొటో తీసి బిల్లు తర్వాత పంపుతారు. ఊరికే వెళ్ళిపోయాం అనుకోవద్దు, కార్డులోంచి నెల తర్వాత పోతాయి.

లైసెన్స్ సంగతి ఒకటి. జర్మనీలో నివాసం మొదలైన ఆరు నెలల దాకే ఇండియన్ లైసెన్స్ చెల్లుతుంది. తర్వాత అక్కడ రాత, డ్రైవింగ్ పరీక్షలు రెండూ పాసవ్వాల్సిందే. "నార్వేలో ఎవరు అడుగుతారులే" అనుకుంటే ఇన్సూరెన్స్ వాళ్ళు అడుగుతారు. టూరిస్టుగా వచ్చినవాళ్ళు స్టీరింగ్ పట్టుకుంటారంటే ఇండియాలోనే ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని రమ్మనండి.

డబ్బు, తిండి, దోమలు

పెట్రోలు లెక్క సులువు. వంద కిలోమీటర్లకు 10 లీటర్లు తాగే పాత వోల్వో 7,500 కిలోమీటర్లకు 750 లీటర్లు తాగుతుంది. లీటరు 1.80 యూరోలు వేసుకుంటే 1,350. వందకు ఐదున్నర తాగే డీజిల్ కారులో 5,000 కిలోమీటర్లంటే 275 లీటర్లు, 500 యూరోల లోపే. పాత కారు చవక అనుకునేవాళ్ళు కొన్న ధర మాత్రమే చూస్తారు.

అసలు ఖర్చు నార్వే హోటల్ భోజనం. క్యాంపింగ్‌లలో "హిట్టె" అనే చిన్న చెక్క గదులుంటాయి, మంచాలు, పొయ్యి ఉంటాయి, అన్నం కుక్కర్ పెట్టుకోవచ్చు. ఆవకాయ, కందిపొడి, పులిహోర పులుసు తీసుకెళ్తే వారం నిశ్చింత. బంగాళాదుంపలు మాత్రం మూటగట్టుకుని పోవద్దు, నార్వేలోకి తేకూడదు. టెంటు వేసుకునేవాళ్ళకు నార్వేలో ఊరి బయట ఖాళీ నేలలో, ఇళ్ళకు 150 మీటర్ల దూరంలో, రెండు రాత్రుల దాకా హక్కుంది. అది టెంటుకే, కారును గడ్డిలోకి దింపి పార్క్ చేయడానికి కాదు.

దోమల గురించి మనకెవరూ చెప్పక్కర్లేదు అనుకున్నాను. మన దోమ సాయంత్రం వస్తుంది. ఆ ఉత్తర ప్రాంతమైన ల్యాప్‌లాండ్‌లో సాయంత్రమే లేదు కాబట్టి అది వెళ్ళదు. జూన్ చివర, జూలైలో లోపలి అడవుల్లో దారుణం, సముద్ర తీరంలో గాలికి కాస్త నయం. ఈ45 కంటే తీరం దారి మెచ్చుకోవడానికి నాకు ఇదీ ఒక కారణం. చీకటి పడదు కాబట్టి నిద్రకు కళ్ళ గంతలు కూడా కొనుక్కోండి, పిల్లలకు మరీ ముఖ్యం.

వేగం గురించి ఒక్క మాట. ఫిన్లాండ్‌లో పెద్ద నేరాలకు జరిమానా మీ ఆదాయాన్ని బట్టి వేస్తారు. 2023లో ఆలండ్ దీవుల్లో 50 ఉన్నచోట 82లో వెళ్ళిన ఒక సంపన్నుడికి 1,21,000 యూరోలు పడింది. నార్వే, స్వీడన్, ఎస్టోనియా, పోలాండ్‌లలో డ్రైవరు రక్తంలో మద్యం పరిమితి లీటరుకు 0.2 గ్రాములు, అంటే ఒక బీరు కూడా వద్దు.

తూర్పు వైపు, ఇంకో దిక్కు నుంచి

ర్యాలీ గడియారపు ముల్లు తిరిగే దిశలోనే వెళ్తుంది. నార్డ్‌క్యాప్ అయ్యాక అందరి ఓపికా అయిపోతుంది. మిగిలిన ఫిన్లాండ్, ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా కిటికీలోంచి నిద్రమత్తులో చూస్తారు. టాలిన్ పాత కోటలో మేం గడిపింది రెండు గంటలు, రీగాలో ఒక కాఫీ. తిండి, బస నార్వే కంటే చాలా చవకైన ఊళ్ళవి, పైగా చరిత్ర ఉన్న ఊళ్ళు.

అందుకే పూర్తి చుట్టే చేయాలని పట్టుదల ఉండి, మూడున్నర వారాలు సెలవు దొరికితే, ర్యాలీతో కాకుండా సొంతంగా ఎదురు దిశలో వెళ్ళమంటాను. జూన్ 20న హాంబర్గ్‌లో బయల్దేరి పోలాండ్ మీదుగా 23కల్లా లాత్వియాలో ఉండండి. ఆ రాత్రి పల్లెల్లో ఓక్ ఆకుల కిరీటాలు పెట్టుకుని తెల్లారేదాకా మంటల చుట్టూ పాడతారు. నెలాఖరుకు ఫిన్లాండ్ దాటితే స్వీడన్, ఫిన్లాండ్ పండుగల మూసివేతలు మీకు తగలవు. జూలై మొదటి వారంలో లోఫోటెన్ చేరితే సూర్యుడు ఇంకా ఉంటాడు. అక్కడి నుంచి 17వ నంబరు రోడ్డు మీద కిందికి దిగడం చివరికి మిగులుతుంది. జూలైలో నార్వేవాళ్ళకూ సెలవులే, కాబట్టి మొస్కెనెస్, బూడో ఫెర్రీలో కారుకు చోటు ముందే బుక్ చేసుకోండి, లేకపోతే రేవులో ఒక పూట క్యూలో గడుస్తుంది.

వచ్చే జూన్‌కు నా ప్లాన్ ఇదే. వోల్వో అమ్మేశాను, స్టెప్నీ కొన్నాను. మా బావమరిదికి చెప్తే, "ఈసారి మ్యాపు నాకివ్వకు బావా, జీపీఎస్ పెట్టుకో, అప్పుడు వస్తా" అన్నాడు.